సాగర్‌మాథాలో శరత్కాలపు ట్రెక్: బేస్ క్యాంపా, గోక్యోనా, తెంగ్‌బోచే వరకేనా?

దసరా, దీపావళి సెలవుల చుట్టూ నేపాల్ వెళ్లాలనుకునేవాళ్లు చాలామంది ముందు "ఎవరెస్ట్ బేస్ క్యాంప్" అని ఖాయం చేసేసుకుంటారు. ఆఫీసులో దొరికిన సెలవులో దాన్ని ఎలా ఇరికించాలా అని తర్వాత చూస్తారు. పదిహేడు రోజుల ప్రయాణాన్ని పదమూడు రోజులకు కుదించాలంటే కోత పడేది విశ్రాంతి రోజులకే. బేస్ క్యాంప్ దారిలో పైనున్న లోబుచే దాకా వెళ్లి, తల పగిలిపోతుంటే రాత్రికి రాత్రి కిందికి దిగాల్సి వచ్చేది ఇలా రోజులు కోసుకున్నవాళ్లకే. అందుకే ముందు చేతిలో ఎన్ని రోజులున్నాయో లెక్క తేల్చుకోండి. దారి ఎంచుకోవడం ఆ తర్వాత పని.

ఎవరెస్ట్ చుట్టూ 1976లో ఏర్పాటైన సాగర్‌మాథా నేషనల్ పార్క్‌లోకి దాదాపు అందరూ ఒకే దారిన వెళతారు. లుక్లాలో (ఎత్తు 2,860 మీటర్లు) విమానం దిగి, ఆ రోజు ఫక్‌దింగ్ (2,610), మర్నాడు మోంజోలోని పార్క్ గేటు మీదుగా నామ్చే బజార్ (3,440) చేరతారు. అక్కడ రెండు రాత్రులు ఉండాలి. దారులు చీలేది నామ్చే దాటాకే: ఒకటి తెంగ్‌బోచే మఠం మీదుగా బేస్ క్యాంప్‌కు, ఇంకోటి గోక్యో సరస్సులకు.

రోజుల లెక్క

హైదరాబాద్ లేదా విశాఖ నుంచి కాఠ్మాండూ చేరడానికి ఒక రోజు, అక్కడ పర్మిట్లకూ సామాన్లకూ ఒక రోజు, తిరుగు ప్రయాణానికి ఒక రోజు కావాలి. లుక్లా విమానాలు రద్దయితే సర్దుకోవడానికి మరో రెండు రోజులు విడిగా ఉంచుకోవాలి. అంటే ఏ దారికైనా ట్రెక్ రోజుల మీద అయిదు కలపాలి. ఆ చివరి రెండు రోజులు వాడుకోకపోతే కాఠ్మాండూలో పశుపతినాథుణ్ణి, భక్తపూర్‌ను చూసి రావచ్చు. వాటిని లెక్కలోంచి తీసేస్తే మాత్రం లుక్లాలో మబ్బు పట్టిన ఒక్క ఉదయం చాలు, ఇంటికి తెచ్చే అంతర్జాతీయ విమానం తప్పిపోతుంది.

తెంగ్‌బోచే వరకు వెళ్లి రావడానికి లుక్లా నుంచి లుక్లాకు ఏడు రోజులు పడుతుంది, మొత్తం పన్నెండు. బేస్ క్యాంప్‌కు పన్నెండు రోజులు, మొత్తం పదిహేడు. గోక్యోది దగ్గరి దారి అనుకుంటారు గానీ, సరిగ్గా నడిస్తే దానికీ పన్నెండే. తొమ్మిది, పది రోజుల్లో గోక్యో తిప్పి తెస్తామని ఎవరైనా అంటే ఏ రాత్రి ఏ ఊళ్లోనో అడిగి ఎత్తులు రాసుకోండి. ఎక్కడ దూకుడు ఉందో మీకే తెలుస్తుంది.

పద్నాలుగు రోజులే ఉన్నవాళ్లకు ఇంకో మంచి దారి ఉంది, కానీ ప్యాకేజీల్లో అంతగా కనిపించదు. తెంగ్‌బోచే దాటి దింగ్‌బోచే (4,410) వరకు వెళ్లి రెండు రాత్రులు ఉండండి. మధ్య రోజున ఊరి వెనకే ఉన్న నాంగ్‌కర్‌షాంగ్ శిఖరం ఎక్కి దిగండి. అది 5,000 మీటర్లు దాటుతుంది. అక్కణ్ణుంచి మకాలూ శిఖరం కనిపిస్తుంది, అమా దబ్లమ్ శిఖరం ఎదురుగా నిలబడుతుంది. రాత్రి నిద్ర మాత్రం 4,410 మీటర్లు దాటదు. సెలవు తక్కువున్నవాళ్లు అరకొరగా బేస్ క్యాంప్‌కు పరిగెత్తే కంటే ఇది ఎంతో మేలు.

ఇరవై రోజులు పైబడి ఉండి, ఇంతకుముందు 4,500 మీటర్ల మీద నిద్రపోయిన అనుభవం ఉంటే గోక్యో, బేస్ క్యాంప్ రెండింటినీ ఛో లా కనుమ (5,420) మీదుగా కలపొచ్చు. ఆ కనుమ తూర్పు వైపు హిమానీనదం మీద నడవాలి. బూట్లకు తగిలించే ఇనుప ముళ్లు, తెల్లవారకముందే బయలుదేరడం, దారి తెలిసిన గైడ్, ఈ మూడూ తప్పనిసరి. మొదటిసారి హిమాలయాలకు వెళ్లేవాళ్లు దీని జోలికి పోకండి.

బేస్ క్యాంప్‌లో ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు

బేస్ క్యాంప్ (5,364) నుంచి ఎవరెస్ట్ శిఖరం కనిపించదు. ఎవరెస్ట్ పశ్చిమ భుజం, పక్కనున్న నుప్త్సే శిఖరపు గోడ దాన్ని కప్పేస్తాయి. అక్కడ కనిపించేది ఖుంబు ఐస్‌ఫాల్: ఇళ్లంత మంచు దిమ్మెలు ఒకదాని మీద ఒకటి విరిగిపడుతున్నట్టు కిందికి జారే మంచు ప్రవాహం. అదీ గొప్ప దృశ్యమే. కానీ ఫొటోల్లో చూసే పసుపుపచ్చ గుడారాల ఊరు వసంతకాలపు సంగతి. ఎవరెస్ట్ ఎక్కే జట్లు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో అక్కడ ఎక్కువగా ఉండేది రాళ్లు, మంచు, ప్రార్థన జెండాలే. ఆ గుడారాల కోసమే వెళ్లాలనుకుంటే శరత్కాలం మీది కాదు.

శిఖరం చూడాలంటే గోరక్‌షెప్ (5,164) నుంచి కాలా పత్థర్ (5,545) ఎక్కాలి. దాదాపు అందరూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి చీకట్లో, ఎముకలు కొరికే చలిలో ఎక్కుతారు. సూర్యుడు ఎవరెస్ట్ వెనక నుంచి వస్తాడు కాబట్టి ఆ వేళ శిఖరం నీడగా, నల్లగా కనిపిస్తుంది. బంగారు రంగు పడేది సాయంత్రం, పడమటి వెలుగులో. ఒంట్లో బాగుంటే బేస్ క్యాంప్ మర్నాటికి పెట్టుకుని, గోరక్‌షెప్ చేరిన రోజు మధ్యాహ్నమే కాలా పత్థర్ ఎక్కండి. దిగేటప్పుడు చీకటి పడుతుంది, హెడ్‌ల్యాంప్ మరవకండి. అలా చేస్తే బేస్ క్యాంప్ చూసి అదే రోజు లోబుచే కింద ఉన్న ఫేరిచే దాకా దిగడం దూరభారమవుతుంది. లోబుచేలో ఆగి, ఇంకో రోజు కలుపుకోవాలి.

గోరక్‌షెప్‌లో లాడ్జీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అక్టోబరు మధ్యలో గదులు నిండిపోయి భోజనాల హాల్లో బెంచీల మీద పడుకోవాల్సి రావచ్చు. అంత ఎత్తులో నిద్ర ఎలాగూ సరిగ్గా పట్టదు.

గోక్యో బలం, గోక్యో ఉచ్చు

మా సలహా అడిగితే, పదిహేడు రోజులున్న మొదటిసారి ట్రెక్కర్లకు శరత్కాలంలో గోక్యోయే ముందు చెబుతాం. మొదటి కారణం నిద్రపోయే ఎత్తు: గోక్యో ఊరు 4,790 మీటర్లు, గోరక్‌షెప్ కంటే దాదాపు 370 మీటర్లు తక్కువ. రెండోది దృశ్యం. గోక్యో రీ (5,357) మీద నిలబడితే ఎవరెస్ట్, ల్హోత్సే, మకాలూ, ఛో ఓయూ, ఎనిమిదివేల మీటర్లు దాటిన నాలుగు శిఖరాలూ కనిపిస్తాయి. ఎవరెస్ట్ కాస్త దూరం జరగడం వల్ల దాని ఆకారం మొత్తం తెలుస్తుంది. కింద గోక్యో సరస్సుల్లో మూడోది నెమలికంఠం రంగులో, పక్కన కిలోమీటర్ల పొడవున గోజుంపా హిమానీనదం ఉంటాయి. వానలు వెనక్కి తగ్గాక, సరస్సులు గడ్డకట్టక ముందు, అంటే అక్టోబరు నుంచి నవంబరు సగం వరకు నీళ్ల రంగు బాగుంటుంది. ఈ సరస్సులకు 2007లో, ముఖ్యమైన చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. మూడో కారణం జనం తక్కువ ఉండటం.

ఇక ఉచ్చు. నామ్చే నుంచి డోలే (4,110) ఒక్క రోజు నడకే. కానీ అలా వెళితే నిద్రపోయే ఎత్తు ఒకేసారి 670 మీటర్లు పెరుగుతుంది. అక్కణ్ణుంచి మచ్ఛెర్మో (4,470), గోక్యో రెండూ తలా నాలుగు గంటల దూరంలోనే ఉంటాయి. కాళ్లలో సత్తువ మిగిలే ఉంటుంది, పొద్దూ బోలెడు ఉంటుంది, రెండు మజిలీలు ఒకే రోజు కొట్టేద్దామనిపిస్తుంది. గోక్యో దారిలో ఎక్కువమంది జబ్బుపడేది ఈ తొందర వల్లే. నామ్చే తర్వాత ఫోర్ట్సే తెంగాలో (3,680) ఒక రాత్రి, డోలేలో ఒక రాత్రి, మచ్ఛెర్మోలో రెండు రాత్రులు, ఆ తర్వాతే గోక్యో. డోలే మజిలీ అయ్యేసరికి మధ్యాహ్నం పన్నెండు కూడా కాకపోవచ్చు. అయినా అక్కడే ఆగండి. టీ తాగి, ఊరి వెనక గుట్ట ఓ వంద, నూటయాభై మీటర్లు ఎక్కి దిగి రండి.

నవంబరులో మొదటి సరస్సుకు ముందు వాగు పక్కన ఉండే రాతి మెట్లు గడ్డకట్టి జారతాయి. ఎండ తగిలాక దాటడం మంచిది.

బేస్ క్యాంప్ దారికి ఒక అనుకూలత ఉంది, దాన్ని తక్కువ చేయకూడదు. ఫేరిచేలో (4,240) 1973 నుంచి నడుస్తున్న హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వైద్య కేంద్రం ఉంది, సీజన్‌లో అక్కడ డాక్టర్లుంటారు. లోబుచేలో బాగాలేకపోతే రెండు మూడు గంటల్లో అక్కడికి దిగొచ్చు. ఇంతకుముందు ఎత్తులో ఇబ్బంది పడినవాళ్లు, పెద్ద వయసువాళ్లు ఈ సంగతి ఆలోచించుకోవాలి.

తెంగ్‌బోచే ఎవరికి

అమ్మానాన్నలను వెంట తీసుకెళ్లేవాళ్లకు, పదేళ్ల పిల్లలున్నవాళ్లకు, సెలవు పన్నెండు రోజులే ఉన్నవాళ్లకు. ఇక్కడా శ్రమ ఉంది: నామ్చేకు ముందు వేలాడే వంతెన దాటాక 600 మీటర్ల నిట్టనిలువు ఎక్కుడు. తెంగ్‌బోచేకు ముందు ఫుంకీ తెంగాలో నది దాకా దిగి, మళ్లీ దాదాపు 600 మీటర్లు ఎక్కాలి. 3,867 మీటర్ల మీద 1916లో కట్టిన మఠం 1934 భూకంపంలో కూలింది, 1989లో కాలిపోయింది, రెండుసార్లూ మళ్లీ కట్టారు. శరత్కాలపు పున్నమి రోజుల్లో ఇక్కడ మణి రిమ్దు ఉత్సవం జరుగుతుంది. ముసుగు నృత్యాలు చూడాలనుకుంటే ఆ ఏటి తేదీలు ముందే కనుక్కుని గది మాట్లాడుకోండి. తిరుగుదారిలో ఖుమ్జుంగ్ (3,790) మీదుగా రండి. 1961లో హిల్లరీ కట్టించిన బడి అక్కడే ఉంది, ఊరూ ప్రశాంతంగా ఉంటుంది.

ఏ వారంలో వెళ్లాలి

అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు రెండో వారం వరకు నమ్మకమైన కాలం. విజయదశమి అక్టోబరు మొదట్లోనే వచ్చిన ఏడాది దసరా సెలవులకు వెళ్లకండి, దీపావళికి మార్చుకోండి. వానల తోక ఇంకా మిగిలే ఉంటుంది. 2024 సెప్టెంబరు చివర్లో కురిసిన వానలకు కాఠ్మాండూ నుంచి తూర్పుకు వెళ్లే బీపీ హైవే చాలాచోట్ల కొట్టుకుపోయింది. ఈ సీజన్‌లో లుక్లా విమానాలు ఎక్కువగా ఎగిరే మంథలీకి వెళ్లే రోడ్డు అదే. పైగా మన దసరాయే వాళ్ల దశైఁ. ఆ వారం నేపాల్‌లో ఆఫీసులు మూసేస్తారు, బండ్లు దొరకవు.

నవంబరు మధ్య దాటాక ఆకాశం అద్దంలా ఉంటుంది, జనమూ పలచబడతారు. కానీ గోరక్‌షెప్‌లో, గోక్యోలో రాత్రి మైనస్ 15 డిగ్రీలకు పడిపోవచ్చు. గదుల్లో వేడి ఉండదు. భోజనాల హాల్లో సాయంత్రం కాసేపు వెలిగించే పొయ్యి ఒక్కటే.

తెలుగువాళ్లకు బాగా తెలిసిన ప్రమాదం ఒకటి ఇక్కడిదాకా వస్తుంది: బంగాళాఖాతపు తుపాను. 2014 అక్టోబరు 12న విశాఖను కుదిపేసిన హుద్‌హుద్ అక్కడితో ఆగలేదు. దాని మిగులు తేమ ఉత్తరానికి పోయి రెండు రోజుల తర్వాత నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతంలో మంచుతుపానుగా కురిసింది. థొరాంగ్ లా కనుమ దగ్గరా, చుట్టుపక్కల జిల్లాల్లోనూ కలిపి నలభైమందికి పైగా చనిపోయారు. 1995 నవంబరులోనూ ఇలాగే పడిన మంచుకు గోక్యో దారిలోని పాంగ్‌కా దగ్గర లాడ్జ్ మీద మంచుచరియ విరిగిపడి, అందులో ఉన్న ట్రెక్కర్లు, నేపాలీ సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. కాబట్టి ట్రెక్‌లో ఉన్నా భారత వాతావరణ శాఖ హెచ్చరికలు చూస్తూ ఉండండి. కోస్తాలో వాయుగుండం అన్న మాట వినిపిస్తే రెండు రోజుల్లో పైన మంచు పడొచ్చని అనుకుని, కనుమలు దాటే ఆలోచన మానుకోండి. కురిసిన మంచు నిలదొక్కుకునేదాకా లాడ్జ్ కదలొద్దు. కొండచరియ కింద ఉన్న లాడ్జ్ కాకుండా విశాలమైన చోట ఉన్నది చూసుకోండి.

ఎత్తు చేసే పని

సూత్రం చిన్నది: 3,000 మీటర్లు దాటాక రోజుకు నిద్రపోయే ఎత్తు 500 మీటర్లకు మించి పెంచకూడదు. ప్రతి మూడు, నాలుగు రోజులకు ఒక రాత్రి అదే ఎత్తులో ఉండిపోవాలి. రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తే కుర్రాడికైనా ఇందులో మినహాయింపు లేదు. నిజానికి కాళ్లు బలంగా ఉన్నవాళ్లే వేగంగా ఎక్కి ముందు పడిపోతారు.

తలనొప్పితో పాటు వికారం, ఆకలి లేకపోవడం, నీరసం ఉంటే ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ (ఎత్తు వల్ల వచ్చే జబ్బు) అనే అనుకోండి. "నిన్న తిన్నది పడలేదు" అని సర్దిచెప్పుకోవద్దు. ఆ రోజు ఎక్కడం ఆపేయాలి. తగ్గకపోతే దిగాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గు తడిగా మారడం, నడిస్తే తూలడం, మాట తడబడటం కనిపిస్తే అర్ధరాత్రయినా సరే వెంటనే దిగాలి, ఒంటరిగా పంపకూడదు. సరళరేఖలో మడమకు బొటనవేలు ఆనించి పది అడుగులు వేయించి చూడండి. తూలితే మెదడు వాచిందని భయపడాల్సిందే.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎత్తుకు ఎక్కే ముందు రోజు నుంచి వాడతారు. సల్ఫా మందులు పడనివాళ్లు, బీపీ, షుగర్, కిడ్నీ మందులు వాడేవాళ్లు బయలుదేరే ముందే డాక్టర్ను అడగాలి. వేళ్లు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువ కావడం మామూలే. మాత్ర వేసుకున్నామని విశ్రాంతి రోజు ఎగ్గొట్టకూడదు. నిద్రమాత్రలు, మద్యం రెండూ వద్దు. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు 6,000 మీటర్ల వరకు ట్రెక్కింగ్, హెలికాప్టర్ తరలింపు రెండూ పాలసీలో రాసి ఉన్నాయో లేదో చదవండి. మామూలు ట్రావెల్ పాలసీల్లో అవి చాలాసార్లు ఉండవు.

కాగితాలు, విమానం, సంచి

విమానంలో వెళ్లే భారతీయులకు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. పదిహేనేళ్లు దాటి అరవై అయిదేళ్ల లోపు ఉన్నవాళ్లకు ఆధార్ చాలదు. వీసా అక్కర్లేదు. అమెరికా పాస్‌పోర్టు ఉన్న మనవాళ్లకు వీసా కావాలి. పార్క్ రుసుము సార్క్ దేశాలవాళ్లకు 1,500 నేపాలీ రూపాయలు, మిగతావాళ్లకు 3,000, పైన పన్ను. ఒక భారతీయ రూపాయికి 1.6 నేపాలీ రూపాయలు, ఈ మారకం స్థిరం. అక్కడి స్థానిక సంస్థ అయిన ఖుంబు గ్రామపాలికకు వేరే రుసుము లుక్లాలో కట్టాలి. పార్క్ పర్మిట్ మోంజో గేటు దగ్గరా ఇస్తారు, దశైఁ సెలవుల్లో ఇది ఉపయోగపడుతుంది.

అక్టోబరు, నవంబరుల్లో లుక్లా విమానాలు ఎక్కువగా కాఠ్మాండూ నుంచి కాక, నాలుగైదు గంటల దూరంలో ఉన్న మంథలీ నుంచి ఎగురుతాయి. అర్ధరాత్రి దాటాక జీపు ఎక్కాలి. 527 మీటర్ల రన్‌వే, మధ్యాహ్నమయ్యేసరికి లేచే గాలులు, మబ్బులు. అందుకే ఉదయం మొదటి విడత టికెట్టే అడగండి. ఆలస్యమైతే ముందు రద్దయ్యేది చివరి విడతే.

సామాను పరిమితి మొత్తం 15 కిలోలు. కాబట్టి డౌన్ జాకెట్, మైనస్ 15కు సరిపోయే స్లీపింగ్ బ్యాగ్ కాఠ్మాండూలోని థమేల్‌లో అద్దెకు తీసుకోండి. బూట్లు మాత్రం ఇంటి దగ్గరే నెల ముందు కొని, వేసుకుని నడిచి అలవాటు చేసుకోవాలి. ఇద్దరికి ఒక పోర్టర్ చాలు. 20 కిలోలు మించి మోయించకండి, అతనికి ఇన్సూరెన్స్, చలి బట్టలు ఉన్నాయో లేదో మాట్లాడుకునేటప్పుడే అడగండి. దారిలో జడలబర్రెల మంద ఎదురైతే లోయ వైపు కాకుండా కొండ వైపు ఒదిగి నిలబడాలి.

తిండికి దిగులు లేదు. దాల్‌భాత్ అంటే అన్నం, పప్పు, కూర, అడిగితే మళ్లీ వడ్డిస్తారు. నామ్చే దాటాక మాంసం మానేయండి. అది కింది నుంచి రోజుల తరబడి మోసుకొచ్చినది. 4,000 దాటాక ఆకలి చచ్చిపోతుంది. అప్పుడు పావుకిలో ఆవకాయ, కాస్త కారప్పొడి మీ చేత రెండు ముద్దలు ఎక్కువ తినిపిస్తాయి. నూనె కారకుండా రెండు కవర్లలో వేసి, చెక్-ఇన్ సంచిలో పెట్టండి. పల్లీపట్టీ దారిలోకి. నీళ్లకు క్లోరిన్ మాత్రలు, రెండు గట్టి సీసాలు కావాలి.

నామ్చేలో మళ్లీ ఒకసారి

మూడు దారులకూ పర్మిట్లు అవే. కాబట్టి కాఠ్మాండూలో తీసుకున్న నిర్ణయాన్ని నామ్చేలో రెండో సాయంత్రం తిరిగి చూసుకోవచ్చు. గైడ్‌తో మాట్లాడుకునేటప్పుడే ఈ మార్పుకు ఒప్పించి, రోజు కూలీ లెక్కన కాగితం మీద రాయించుకోండి. మంథలీలో ఒక రోజు పోయి ఉంటే బేస్ క్యాంప్, గోక్యోల్లో ఏదైనా ఇంకా సాధ్యమే, విడిగా ఉంచిన రోజుల్లో ఒకటి మిగులుతుంది. రెండు రోజులు పోయి ఉంటే దింగ్‌బోచే వరకు అనుకోండి. జట్టులో ఒక్కరికైనా నామ్చేలో రెండో రాత్రి కూడా తలనొప్పి తగ్గకపోతే మూడో రాత్రీ అక్కడే ఉండండి. మర్నాడు ఉదయం నొప్పి పోతే తెంగ్‌బోచేకు వెళ్లండి. పోకపోతే ఫక్‌దింగ్‌కు దిగండి.